హైబ్రిడ్ కారులో పాట: పెత్తనమంతా చిన్న బ్యాటరీదే

కారు కొన్న నెల తిరక్కుండానే పాటల సెట్టు మార్పించడం మన వైపు పాత అలవాటు. అంబాసిడర్ల రోజుల్లో క్యాసెట్టు టేపు, ఆ తర్వాత సీడీ, ఇప్పుడు ఆంప్లిఫయరు, వూఫరు. వస్తువులు మారాయి గాని సరదా మారలేదు. తిరుపతి ప్రయాణమైనా, పెళ్ళివారి బండి అయినా పాట లేనిదే చక్రం కదలదు.

ఈ సరదాకు ఇప్పుడు కొత్త చిక్కు వచ్చిపడింది. పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారు కూడా వున్న హైబ్రిడ్ కార్లు ఊళ్ళలోకి వస్తున్నాయి. ఒక్క 2022లోనే హోండా సిటీ, టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ రకాలను మన దేశంలో వరుసగా విడుదల చేశారు. వీటిలో కంపెనీ ఇచ్చిన స్పీకర్లు చాలక సెట్టు మార్పించుకోవాలనుకునే వారు వున్నారు. మార్పించుకోవడంలో తప్పు లేదు. అయితే పాత డీజిలు బండికి చేసినట్టే దీనికీ చేస్తే బండి ఎక్కడికక్కడ ఆగిపోవచ్చు. కంపెనీ హామీ చేజారవచ్చు. తాకకూడని వైరును తాకితే ప్రాణానికే ముప్పు.

రెండు బ్యాటరీల సంసారం

మామూలు కారులో ఒకటే బ్యాటరీ. ఇంజను తిరుగుతుంటే ఆల్టర్నేటరు దాన్ని ఛార్జి చేస్తుంది. హైబ్రిడ్ కారులో బ్యాటరీలు రెండు. చక్రాలను తిప్పే పెద్ద బ్యాటరీ ఒకటి. దీపాలు, హారను, తలుపు తాళాలు, కంప్యూటరు, పాటల సెట్టు వీటన్నిటికీ కరెంటు ఇచ్చే 12 వోల్టుల చిన్న బ్యాటరీ మరొకటి.

ప్రపంచంలో పెద్ద ఎత్తున తయారై అమ్ముడైన మొదటి హైబ్రిడ్ కారు టయోటా ప్రియస్. 1997 డిసెంబరులో జపానులో అమ్మకానికి వచ్చింది. 2003లో వచ్చిన దాని రెండవ తరం బండిలో పెద్ద బ్యాటరీ 201.6 వోల్టులది. ఒక్కొక్కటి 1.2 వోల్టుల సెల్లులు 168 వరుసగా కలిపితే ఆ లెక్క వస్తుంది. ఆ కరెంటును ఇంకా పెంచి 500 వోల్టుల వరకు మోటారుకు అందిస్తారు. మన ఇళ్ళలో వచ్చేది 230 వోల్టులు. దీన్ని బట్టి ఆ బ్యాటరీ శక్తి ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఈ బండిలో ఆల్టర్నేటరు వుండదు. పెద్ద బ్యాటరీలోని ఎక్కువ వోల్టేజిని తగ్గించి చిన్న బ్యాటరీకి పంపే పరికరం వుంటుంది. దాన్ని డీసీ కన్వర్టరు అంటారు. ఊరి చివర ట్రాన్స్‌ఫార్మరు 11 వేల వోల్టులను తగ్గించి ఇళ్ళకు ఇచ్చినట్టే ఇదీ. విధానం వేరు గాని పని అదే. పాటల సెట్టు ఎంత పెద్దదైనా కరెంటు తీసుకోవలసింది ఈ కన్వర్టరు, ఈ చిన్న బ్యాటరీ నుంచే. పెద్ద బ్యాటరీ వుంది గదా, ఎంత వూఫరైనా లాగుతుందనుకోవడం పొరపాటు. దాని కరెంటు పాటకు నేరుగా అందదు.

ముందుగా తెలుసుకోవలసింది మీ బండి ఏ రకం హైబ్రిడ్ అన్నది. 2015 నుంచి మారుతి కొన్ని బళ్ళకు హైబ్రిడ్ అని పేరు పెట్టి అమ్మింది. వాటిలో ఇంజనుకు కొద్దిపాటి సాయం చేసే ఏర్పాటు మాత్రమే వుంది. చక్రాలను కరెంటుతో నడిపేంత పెద్ద బ్యాటరీ వుండదు. అలాంటి బండికి ఇక్కడ చెప్పేవన్నీ వర్తించవు. ఇంజను ఆగి వుండగానే మోటారుతో ముందుకు కదిలే బండి అయితే ప్రతి మాటా వర్తిస్తుంది.

కరెంటు వుండి కదలని బండి

పొలంలో బోరు మోటారు నడిపే రైతుకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. లైనులో మూడు ఫేజులూ నిండుగా వున్నా, స్టార్టరులోని చిన్న కాయిలు లాగకపోతే మోటారు తిరగదు. హైబ్రిడ్ కారు కూడా అంతే. పెద్ద బ్యాటరీకీ మోటారుకూ మధ్య రిలేలు వుంటాయి. వాటిని కలిపేది కంప్యూటరు. ఆ కంప్యూటరు మేలుకోవాలంటే 12 వోల్టులు కావాలి. చిన్న బ్యాటరీ పడిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా వున్నా బండి పలకదు. ఆటోమేటిక్ బండి కాబట్టి నలుగురు కలిసి తోసినా స్టార్టు కాదు.

పెళ్ళి మండపం బయట గంటల తరబడి ఆగిన బండిలో డ్రైవరు పాటలు వింటూ కూర్చోవడం మామూలే. ఇక్కడే తేడా వస్తుంది. హైబ్రిడ్ కారులో బటను నొక్కితే రెండు స్థితులు వుంటాయి. బ్రేకు తొక్కకుండా నొక్కితే సెట్టు, దీపాలు మాత్రమే పనిచేస్తాయి. అప్పుడు కన్వర్టరు పనిచేయదు. పాట మొత్తం చిన్న బ్యాటరీనే తాగుతుంది. బ్రేకు తొక్కి నొక్కితే డ్యాష్‌బోర్డు మీద 'రెడీ' అన్న దీపం వెలుగుతుంది. అప్పుడే పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదానికి కరెంటు అందుతుంది.

లెక్క వేసి చూద్దాం. చిన్న బ్యాటరీ 40 ఆంపియర్ అవర్లది అనుకుందాం. కొత్త ఆంప్లిఫయరుతో కలిపి సెట్టు సగటున 10 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. కాగితం మీద నాలుగు గంటలు రావాలి. అయితే బ్యాటరీ సగం ఖాళీ అయ్యేసరికే వోల్టేజి దిగజారుతుంది. అంటే రెండు గంటల పాటతోనే బండి మొరాయించే పరిస్థితి రావచ్చు. హైబ్రిడ్ బండిలో ఈ బ్యాటరీకి ఇంజనును తిప్పే భారం లేదు గనుక కంపెనీలు దీన్ని చిన్నదిగానే ఇస్తాయి.

మరి 'రెడీ'లో వుంచి వినవచ్చా? వినవచ్చు. బండి 'పార్కు'లోనే వుండాలి. టయోటా హైబ్రిడ్ బళ్ళలో గేరు న్యూట్రలులో వుంటే పెద్ద బ్యాటరీ ఛార్జి కాదు. ఇంకొక ముఖ్యమైన జాగ్రత్త వుంది. పెద్ద బ్యాటరీ తగ్గగానే ఇంజను దానంతట అదే స్టార్టవుతుంది. తలుపులు మూసిన షెడ్డులో బండి వుంటే పొగలోని కార్బన్ మోనాక్సైడు నిండిపోతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బండి చప్పుడు చేయడం లేదు గదా అని షెడ్డులో 'రెడీ'లో పెట్టి కూర్చోవడం, పడుకోవడం ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు. పిల్లలను ఒంటరిగా లోపల వదలరాదు. దీపం వెలుగుతున్న బండి గేరు మారిస్తే చప్పుడు లేకుండానే కదులుతుంది.

నారింజ రంగు వైరు జోలికి పోవద్దు

ఈ బళ్ళలో ఎక్కువ వోల్టేజి ప్రవహించే కేబుళ్ళకు నారింజ రంగు తొడుగు వేస్తారు. కంపెనీ ఏదైనా అదే రంగు. అవి ఇంజను గదిలోనూ, బండి అడుగునా, పెద్ద బ్యాటరీ దగ్గరా కనిపిస్తాయి. వూఫరుకు వైరు లాగేటప్పుడు వాటికి రంధ్రం పడినా, స్క్రూ దిగినా ప్రమాదమే. బండి అడుగు రేకుకు ఎక్కడ పడితే అక్కడ డ్రిల్లింగు చేయడం పాత బళ్ళతో వచ్చిన అలవాటు. ఈ బండికి అది పనికిరాదు.

బండి ఆపివేస్తే రిలేలు విడిపోతాయి, కేబుళ్ళలో కరెంటు ఆగుతుంది. అయినా లోపలి కెపాసిటర్లు ఖాళీ కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. శిక్షణ పొందిన మెకానిక్కులు సైతం పెద్ద బ్యాటరీ సర్వీసు ప్లగ్గు తీసి, కంపెనీ చెప్పినంతసేపు ఆగి, 1000 వోల్టులకు తట్టుకునే రబ్బరు గ్లౌజులు తొడుక్కుని గాని పనిలోకి దిగరు. పాటల సెట్టు బిగించేవారికి ఆ భాగంతో పనే లేదు. పెద్ద బ్యాటరీ మూత తీయాలని ఎవరైనా అంటే బండి వెనక్కి తీసుకురావడమే మంచిది.

పసుపు రంగు ప్లగ్గులు కూడా ముట్టుకోరాదు. అవి ఎయిర్ బ్యాగులవి. ముందు అద్దం పక్క స్తంభంలో చిన్న ట్వీటరు పెట్టేటప్పుడు అక్కడి ఎయిర్ బ్యాగు మీదుగా వైరు పోకూడదు. అది విచ్చుకునే దారికి వైరు అడ్డు పడుతుంది. పని మొదలుపెట్టే ముందు చిన్న బ్యాటరీ నెగటివు తీసి, కనీసం 90 సెకండ్లు ఆగాలని టయోటా చెబుతోంది.

డబ్బా మీద వాట్లు, ఫ్యూజు మీద నిజం

కొట్లో ఆంప్లిఫయరు డబ్బా మీద 1000 వాట్లు, 2000 వాట్లు అని పెద్ద అక్షరాలతో వుంటుంది. అది ఎక్కువ భాగం ప్రచారమే. అసలు సంగతి తెలుసుకునే ఉపాయం ఒకటి వుంది. ఆంప్లిఫయరు పక్కన బిగించిన ఫ్యూజు చూడండి. 20 ఆంపియర్ల ఫ్యూజు వుంటే, 12 వోల్టులతో హెచ్చవేస్తే 240. అంటే అది నిలకడగా తీసుకోగలిగేదే సుమారు 240 వాట్లు. తీసుకున్నదాని కన్నా ఎక్కువ ఇవ్వడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. డబ్బా మీద 'ఆర్.ఎం.ఎస్.' అని రాసిన వాట్లనే లెక్కలోకి తీసుకోవాలి.

హైబ్రిడ్ బండికి 'డి' తరగతి ఆంప్లిఫయరు అనువైనది. తీసుకున్న కరెంటులో 80 శాతానికి పైగా పాటగా మారుస్తుంది. పాత 'ఏబీ' తరగతివి సుమారు సగం వేడిగా వృథా చేస్తాయి. చిన్న బ్యాటరీ మీద బ్రతికే బండిలో ఈ తేడా తక్కువది కాదు.

వాట్లు రెట్టింపయితే చప్పుడు రెట్టింపవుతుందని చాలామంది అనుకుంటారు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సు మాత్రమే. చెవికి అది కొద్దిపాటి తేడాగానే తెలుస్తుంది. రెట్టింపు చప్పుడుగా వినిపించాలంటే సుమారు పది రెట్లు వాట్లు కావాలి. అందుచేత వాట్లు కొనడం కంటే సెన్సిటివిటీ ఎక్కువ వున్న స్పీకరు కొనడం తెలివైన పని. 92 డెసిబెల్సు స్పీకరు 89 డెసిబెల్సు స్పీకరుతో పోలిస్తే సగం వాట్లకే అంత చప్పుడూ ఇస్తుంది. ఈ అంకె స్పీకరు కాగితం మీద వుంటుంది. అడిగి చూడాలి.

ముందు తలుపు, తర్వాత స్పీకరు

ఇంజను ఆగి మోటారు మీద నడిచేటప్పుడు బండిలో చప్పుడు తగ్గుతుంది. ఇంజను మోతలో ఇంతకాలం కలిసిపోయిన టైర్ల హోరు, తలుపు రేకుల గిలక అప్పుడు పైకి వినిపిస్తాయి. పాటలో లోపాలు కూడా బయటపడతాయి. కంపెనీ స్పీకర్లు మరీ చెడ్డవి కాకపోయినా తేలిపోయినట్టు వినిపించడానికి సగం కారణం ఇదే.

స్పీకరుకు తలుపే పెట్టె. పలచని రేకు తలుపు డప్పులా అదురుతుంది. అందుకని మొదటి ఖర్చు తలుపుల లోపల బ్యూటైలు రబ్బరు షీట్లు అంటించడానికి పెట్టాలి. టైర్ల హోరు తగ్గుతుంది, అదే స్పీకరు గట్టిగా పలుకుతుంది. దీనికి కరెంటు అక్కరలేదు. అయితే తలుపు లోపలి ప్లాస్టిక్ తెరను తిరిగి సరిగా అంటించాలి. వాన నీరు లోపలికి రాకుండా కాపాడేది అదే. నీరు కారే రంధ్రాలను షీటుతో మూయరాదు. కొన్ని బళ్ళలో ఢీకొన్న సంగతి పసిగట్టే పరికరం తలుపులోనే వుంటుంది. దానిని కదిలించరాదు.

రెండవ ఖర్చు ముందు తలుపుల స్పీకర్లు, ట్వీటర్లు. పాట ముందు నుంచి వినిపిస్తేనే బాగుంటుంది కాబట్టి వెనుకవాటిని తొందరపడి మార్చనక్కరలేదు. ఓములు చూసుకోవాలి. ఆంప్లిఫయరు 4 ఓముల వరకే తట్టుకునేదైతే 2 ఓముల స్పీకరు తగిలిస్తే వేడెక్కి పోతుంది. మూడవది చిన్న ఆంప్లిఫయరు. ఆ తర్వాత కూడా బాసు చాలదనిపిస్తేనే వూఫరు.

ముందు వున్న స్క్రీనును మాత్రం పీకించకపోవడం మేలు. వెనుక కెమెరా, ఏ బ్యాటరీ ఎంత నిండివుందో చూపించే బొమ్మ, ఇంకా ఎన్నో అమరికలు దానిలోనే వుంటాయి. కంపెనీ స్పీకరు వైరు నుంచే పాటను తీసుకోగలిగే ఆంప్లిఫయర్లు దొరుకుతున్నాయి. అటువంటిది పెట్టిస్తే స్క్రీను జోలికి పోనక్కరలేదు.

గాలి రంధ్రానికి అడ్డు పెట్టవద్దు

పెద్ద బ్యాటరీ వేడెక్కకుండా ఫ్యాను గాలి లాగుతుంది. ఆ గాలి కారు లోపలి నుంచే పోతుంది. చాలా బళ్ళలో సీటు పక్కనో, కిందనో జల్లెడలాంటి రంధ్రం కనిపిస్తుంది. వూఫరు పెట్టె, కార్పెట్టు, లగేజీ సంచి ఏదైనా దానికి అడ్డుపడితే బ్యాటరీ వేడెక్కుతుంది. మన ఎండలకు అసలే వేడి ఎక్కువ. వేడి ఎక్కువైనకొద్దీ బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. లక్ష రూపాయల మీద ఖర్చయ్యే వస్తువును వూఫరు పెట్టె కోసం పాడుచేసుకోవడం ఏం లాభం? దుమ్ము పేరుకున్నా ఇదే బాధ. ఆ జల్లెడను అప్పుడప్పుడు తుడిపించాలి.

వైరింగులో మూరెడు నియమం

ఆంప్లిఫయరుకు వెళ్ళే ఎర్ర వైరుకు బ్యాటరీ నుంచి మూరెడు లోపలే ఫ్యూజు వుండాలి. వైరు ఎక్కడైనా ఒరిసి రేకుకు తగిలితే ఆ ఫ్యూజు కాలిపోయి బండిని కాపాడుతుంది. ఫ్యూజు ఆంప్లిఫయరు దగ్గర మాత్రమే వుంటే మధ్యలో వైరు అంతా నిప్పు తీగే. వైరు రాగిదే వుండాలి. అల్యూమినియం మీద రాగి పూత పూసినవి చవకగా దొరుకుతాయి గాని అదే లావుకు తక్కువ కరెంటు మోస్తాయి, త్వరగా వేడెక్కుతాయి.

పాట వైర్లను నారింజ కేబుళ్ళకు దూరంగా, వీలైతే బండి రెండో పక్క నుంచి లాగాలి. దగ్గరగా పోతే బండి వేగం పెరిగినప్పుడల్లా స్పీకరులో సన్నని ఈల వినిపిస్తుంది. రేడియో మీడియం వేవులో గరగర రావడానికీ ఇలాంటి కారణమే.

ఆంప్లిఫయరును నిద్ర లేపే సన్నని వైరు ఒకటి వుంటుంది. దాన్ని బటను ఆపితే ఆగే లైనుకే కలపాలి. తొందరలో నేరుగా బ్యాటరీకి కలిపితే పాట లేకపోయినా ఆంప్లిఫయరు మేలుకునే వుంటుంది. గంటకు ఒక్క ఆంపియరు తాగినా రోజుకు 24. రెండు రాత్రులు గడిచేసరికి బండి మూగబోతుంది. పని పూర్తయ్యాక బండికి తాళం వేసి, అరగంట ఆగి, ఎంత కరెంటు లాగుతోందో మీటరుతో చూపించమనాలి. 0.05 ఆంపియరుకు అటూ ఇటూ వుంటే భయం లేదు.

చిన్న బ్యాటరీ మార్చవలసి వస్తే కంపెనీ చెప్పిన రకమే వేయాలి. కొన్ని బళ్ళలో అది కారు వెనుక భాగంలో, మనుషులు కూర్చునే చోటనే వుంటుంది. దాని గాలి బయటికి పోవడానికి చిన్న గొట్టం వుంటుంది. అది తిరిగి తగిలించడం మరువరాదు. బ్యాటరీ పడిపోయినప్పుడు ఇంకో బండి నుంచి కరెంటు తీసుకోవాలంటే ప్లస్, మైనస్ తారుమారు కాకుండా చూసుకోవాలి. తారుమారైతే ఖరీదైన పరికరాలు కాలిపోతాయి. కరెంటు ఎక్కడ తగిలించాలో బండితో ఇచ్చిన పుస్తకంలో బొమ్మతో సహా వుంటుంది.

కంపెనీ హామీ మాటేమిటి?

టయోటా తన హైబ్రిడ్ బళ్ళ పెద్ద బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల హామీ ఇస్తోంది. బయట చేయించిన వైరింగు వల్ల చెడిపోయిందని తేలితే హామీ వర్తించదు. అందుచేత కంపెనీ వైరు కోయకుండా, దానికి సరిపోయే ప్లగ్గులతో తగిలించే పద్ధతి అడగాలి. ఎప్పుడైనా తీసేస్తే బండి మొదటిలాగే వుంటుంది. అమ్ముకునేటప్పుడు కూడా అది లాభమే. బిల్లు తీసుకోవాలి, వైరింగు ఎక్కడెక్కడ పోయిందో ఫోటోలు తీయించుకోవాలి.

చప్పుడు లేని బండి, చెవి వినని డ్రైవరు

పల్లె రోడ్డు మీద పిల్లలు, వృద్ధులు, గేదెలు బండి చప్పుడు విని పక్కకు తప్పుకుంటారు. నెమ్మదిగా పోయే హైబ్రిడ్ బండి ఆ చప్పుడు చేయదు. ఈ ప్రమాదం గుర్తించే ఐరోపా దేశాలు, గంటకు 20 కిలోమీటర్ల లోపు వేగంలో, వెనక్కి పోయేటప్పుడు బండి దానంతట అదే చప్పుడు చేయాలని నిబంధన పెట్టాయి. 2021 జులై నుంచి అక్కడ కొత్త హైబ్రిడ్, కరెంటు కార్లన్నిటికీ అది తప్పనిసరి. బయటివారికి బండి వినపడక, లోపలివారికి హారను వినపడక పోతే అదుపు ఎవరి చేతిలో వున్నట్టు? ఊరు దాటేవరకు పాట తగ్గించి నడపడం డ్రైవరు బాధ్యత.

చెవి సంగతీ చూసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్సు చప్పుడును వారానికి 40 గంటలు వినవచ్చు. ప్రతి 3 డెసిబెల్సు పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది. 92 దగ్గర వారానికి మిగిలేది రెండున్నర గంటలే. అద్దాలు మూసిన కారులో వూఫరు పెడితే అంతకు చేరడం కష్టమేమీ కాదు. వయసులో పోయిన వినికిడి మళ్ళీ రాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు పరిమితి పెట్టాయి. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు.

తాళం ఇచ్చే ముందు

కొట్టువారికి బండి తాళం ఇచ్చే ముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. ఇంతకుముందు ఇదే రకం హైబ్రిడ్ బండికి పని చేశారా? కంపెనీ వైరు కోస్తారా, ప్లగ్గుతో తగిలిస్తారా? ఫ్యూజు బ్యాటరీకి ఎంత దూరంలో పెడతారు? పని అయ్యాక తాళం వేసిన బండి ఎంత కరెంటు లాగుతోందో మీటరుతో చూపిస్తారా? నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెప్పిన చోటనే పని చేయించాలి. పది వేలు తక్కువకు చేస్తామన్నవారి దగ్గర బండి వదిలి, తర్వాత లక్షల పరికరం పోయిందని బాధపడితే ఫలితం వుండదు.